హార్లన్ ఇంట్లో మొదటి మంట

ఆర్విల్ టిబెట్స్ పొగ గొట్టం అంచుకు పటకారుతో చుట్టూ ముడతలు పెడుతున్నాడు. ముడతలు పడితే ఆ మూతి సన్నబడి రెండో గొట్టంలోకి దిగుతుంది. ఆ మూతి ఎప్పుడూ పొయ్యి వైపే ఉండాలి. తెలియనివాళ్లు దాన్ని పైకి పెట్టి, పొగ బయటికి రాదులే అనుకుంటారు. పొగ సంగతి ఎలా ఉన్నా, పొగలోంచి దిగే నల్లటి జిగురు అతుకుల్లోంచి కారి గోడంతా చారలు కడుతుంది. ఈ సంగతి చిన్నప్పుడు మేనమామ చెప్పాడు. అప్పటినుంచీ దేశానికి ఉత్తరపు కొసనున్న మా ఆరూస్టుక్ జిల్లాలో, బంగాళాదుంపల పొలాల మధ్య ఏ ఇంట్లో ఇనుప పొయ్యి దిగినా, దాని వెనక మోకాళ్ల మీద ఆర్విల్ ఉండేవాడు.

మనిషి పొట్టి. వెడల్పాటి భుజాలు, ఎంత కడిగినా మసి వదలని చెవులు. దుప్పట్ల నిండా పొగ వాసనేనని విసుగెత్తి భార్య ఎప్పుడో దక్షిణాదికి, పొయ్యి అక్కర్లేని ఊరికి వెళ్లిపోయింది. అతనుండే రేకు ఇంట్లో కట్టెల పొయ్యి పెడితే బీమా కుదరదన్నారు. ఊరందరి ఇళ్లూ వెచ్చబెట్టి వచ్చి తను కరెంటు హీటరు ముందు కాళ్లు చాపుకునేవాడు. ఎవరైనా ఆటపట్టిస్తే, రోజంతా మసి మింగినవాడికి మళ్లీ ఇంట్లో కూడా అదేనా అని నవ్వేసేవాడు.

ఇప్పుడు పని చేస్తున్న ఈ హార్లన్ ఇంట్లోనే కిందటి చలికాలం చిమ్నీ అంటుకుంది. వంటగది కాలిపోయింది. హార్లన్ భార్య మేవిస్ కుడిచెయ్యి మణికట్టు దాకా కాలింది. ఆ పొయ్యి గొట్టాన్ని చిమ్నీ లోపలి ఉక్కు గొట్టానికి కలిపింది ఆర్విలే. ఆ రెండు గొట్టాలూ కలిసేచోట మూడు స్క్రూలు బిగించాలి. లేకపోతే వేడికి అతుకు జారి ఊడిపోతుంది. ఆర్విల్ స్క్రూలు మరిచిపోయాడని ఊళ్లో మాట పుట్టింది. అతని మొహాన ఎవరూ అనలేదు. దుకాణంలో ఎప్పటిలాగే పలకరించారు, మంచు గురించి మాట్లాడారు. అతని ఫోను మాత్రం మోగడం మానేసింది. ఆ ఏడాదంతా దుంపల గోదాములో పెట్టెలు మోశాడు.

పెట్టెలు మొయ్యడానికి అతను బాధపడలేదు. స్క్రూలు బిగించాడో లేదో అతనికే గుర్తులేదు, అదీ బాధ. అన్ని ఇళ్లలో అన్ని అతుకులు బిగించిన చేతులకు ఏ ఒక్కటీ విడిగా గుర్తుండదు. ఒక రోజు బిగించాననిపించేది, మర్నాడు లేదనిపించేది. మేవిస్ చెయ్యి చూడాల్సి వస్తుందని ఆదివారాలు చర్చికి వెళ్లడం కూడా మానేశాడు.

అలాంటిది మొన్న హార్లన్ మెకాటీ స్వయంగా ఫోను చేశాడు. కొత్త వంటగది కట్టామనీ, పొయ్యి నువ్వే వచ్చి కలపాలనీ అన్నాడు. ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నవాళ్లు. ఎందుకని అడగడానికి ఆర్విల్‌కు ధైర్యం చాలలేదు, వస్తానన్నాడు.

ఈ శనివారం పొద్దున ఇంటి కప్పు ఎక్కి ఉక్కు గొట్టాన్ని చిమ్నీలోకి దించాడు. దిగుతూ నిచ్చెన మధ్యలో ఆగి, ఎడమ చెయ్యి లాగుతోందని కాసేపు రుద్దుకున్నాడు. మధ్యాహ్నానికి గొట్టాలన్నీ నిలబెట్టి, పొయ్యి వెనక్కి తల దూర్చి, గోడ కన్నంలో చివరి అతుకు కూర్చుతున్నాడు. హార్లన్ టార్చి పట్టుకున్నాడు. ఎదుటివాడి మొహం కనిపించకపోతేనే హార్లన్‌లాంటి వాళ్లకు నోట మాట వస్తుంది.

"ఒరే ఆర్విల్, అప్పుడు స్క్రూలు మూడూ ఉన్నాయిరా."

ఆర్విల్ చెయ్యి ఆగింది.

"మర్నాడు బూడిద ఎత్తుతుంటే ఆ అతుకు దొరికింది. ఊడలేదు. తీసుకెళ్లి షెడ్డులో దాచాను."

"మరి ఎలా అంటుకుంది?"

"పచ్చికట్టె."

మా వైపు మనిషి విలువ అతని కట్టెల దొంతిలో ఉంటుంది. కొట్టిన కట్టె ఏడాదైనా ఎండాలి. అంతకు ముందేడు హార్లన్‌కు నడుం పట్టేసి సమయానికి కొట్టలేకపోయాడు. కొనడం నామోషీ, పక్కవాళ్లను అడగడం అంతకంటే నామోషీ. దొంతిలో ముందు వరస ఎండుది పేర్చి, వెనకంతా పచ్చి మేపుల్ కట్టె సర్దాడు. రోడ్డు మీంచి చూసేవాళ్లకు అంతా బాగానే కనిపించింది. ఆ పచ్చికట్టె పొగే చిమ్నీ నిండా జిగురు కట్టి ఒకనాడు భగ్గుమంది.

"ఆ మాట నేను పుట్టించలేదు," అన్నాడు హార్లన్. "కాదని కూడా అనలేదు. పోయినవారం ఆ ముక్క మేవిస్ కంటబడింది. నీకు చెప్పేదాకా ఇంట్లో పొయ్యి వెలగదంది."

ఆర్విల్‌కు కోపం వచ్చింది. చేతిలో ఉన్నది విసిరికొట్టాలన్నంత కోపం. కానీ అంతకంటే ముందే గుండెల మీంచి పెద్ద బరువు దిగిపోయింది, కళ్లు చెమర్చాయి. పొయ్యి వెనక ఉండబట్టి ఎవరూ చూడలేదు.

"లైటు ఇటు పట్టు," అన్నాడు చివరికి. "నువ్వు కూడా చూడు, ఎన్ని బిగిస్తున్నానో."

హార్లన్ వంగి చూశాడు. మూడో స్క్రూ బిగిశాక ఆర్విల్ బయటికొచ్చి నేలమీదే కూర్చుని, ఊళ్లో చెప్తావా అని అడిగాడు. సోమవారం దుకాణంలో అందరి ముందూ చెప్తానన్నాడు హార్లన్.

"వెనక వరస సంగతి కూడా చెప్పాలి."

"చెప్తాలేరా."

"ముందు అదే చెప్పు. నా స్క్రూలకంటే దానికే ఎక్కువ నవ్వుతారు."

హార్లన్ మొహం ఎర్రబడింది. మేవిస్ వంటబల్ల దగ్గర్నుంచి పకపకా నవ్వింది.

మొదటి మంట నిప్పులుగా మారేదాకా ఆర్విల్ ఏ ఇంట్లోంచీ కదలడు. కొత్త పొయ్యి రంగు వాసన వదలాలి, అతుకులు వేడెక్కాలి. అంతసేపూ అతను ఒకరి ఇంట్లో వెచ్చగా కూర్చుంటాడు, వాళ్లు కాఫీ ఇస్తారు. జేబులోంచి అయస్కాంతం ఉన్న గుండ్రటి థర్మామీటరు తీసి గొట్టానికి అంటించాడు. హార్లన్ ఎండుకట్టె తెచ్చాడు. దాన్ని మరో కట్టెతో కొట్టి, మోత గట్టిగా పలికాకే ఆర్విల్ పొయ్యిలో పెట్టనిచ్చాడు. మంట అంటించగానే గొట్టం పొగను చక్కగా పైకి లాగింది. ఆర్విల్ కుర్చీ దగ్గరికి జరుపుకుని కాళ్లు చాపాడు.

శనివారం రాత్రి మా వైపు ఇంటింటా బీన్స్ గింజలే, మేవిస్ కూడా అవే వండింది. పళ్లెం పెట్టి పిలిస్తే ఆర్విల్ పలకలేదు. కునుకు పట్టిందేమో, గిన్నెల చప్పుడు చెయ్యకు అన్నాడు హార్లన్. మేవిస్ అతని దగ్గరికెళ్లి, కాలిన చేతితో భుజం తట్టింది. తల పక్కకి ఒరిగింది, ఊపిరి లేదు. కాసేపు ఆ చెయ్యి అక్కడే ఉంచి, తర్వాత భర్త వైపు చూసింది.

మా ఊళ్లో అంబులెన్సు బండి నడిపేదీ మంటలార్పే దళమే; వచ్చింది అప్పుడు ఈ వంటగది మంట ఆర్పినవాళ్లే. ఆర్విల్‌ను బండి ఎక్కిస్తుంటే హార్లన్ మంచులో చొక్కాతోనే నిలబడి, ఎవరూ అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టాడు. ముందు వెనక వరస సంగతి, తర్వాత స్క్రూల సంగతి. ఎవరూ నవ్వలేదు. చెప్పడం అయిపోయాక కూడా అతను అక్కడే నిలబడితే, దళంలో ఒకతను మెల్లగా, తప్పుకో హార్లన్, తలుపు వెయ్యాలి అన్నాడు.

లోపల మంట నిప్పులుగా మారింది. గొట్టానికి అంటించిన థర్మామీటరు ముల్లు కొద్దికొద్దిగా కిందికి దిగుతోంది.