చివరి కుర్చీ

మిషిగన్‌లో ఆనకట్టలు తెగి ఏరు ఊళ్ల మీద పడ్డ మరుసటి ఏడు జరిగిందిది. ఆ వరదలో ఆర్లో ఇల్లు పోయింది. పెళ్లాం లొరెటాను తీసుకుని రెండు గంటల దూరాన కలమజూలో కాపురం పెట్టాడు. లొరెటా అన్న నార్బర్ట్ పాత ఊళ్లోనే ఉండిపోయాడు.

ముప్ఫై ఏళ్లు ఒకే బస్సులో కాసినోకు పోయి పక్కపక్కన కూర్చున్న బావాబావమరుదులకు ఇక మిగిలింది ఆన్‌లైన్‌ బ్లాక్‌జాక్ ఒక్కటే. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ ఒకే బల్ల దగ్గర చేరేవారు. తెర మీద ఒకమ్మాయి నిజం పేకే పంచేది. ముక్కల మొత్తం ఆమెకంటే ఎక్కువ రావాలి, ఇరవై ఒకటి దాటితే పోయినట్టే. పక్కన ఫోన్లో ఇద్దరి మాటలూ నడిచేవి. భార్య పోయిన నార్బర్ట్‌కు వారమంతటికీ మనిషి గొంతంటే అదే.

నార్బర్ట్ లెక్క ప్రకారమే ఆడతాడు. ఎప్పుడు ముక్క అడగాలో, ఎప్పుడు ఆగాలో అచ్చేసిన అట్ట అతనికి కంఠతా వచ్చు. ఆ లెక్క గెలిపించదు, ఓటమిని నిదానం చేస్తుంది, అంతే. కూర్చునేది మాత్రం ఎప్పుడూ చివరి కుర్చీలోనే. అతని తర్వాత ముక్క తీసేది పంచే అమ్మాయే.

ఆ ఆదివారం అమ్మాయి ముందు మూడు కనబడుతోంది. ఆర్లో పదకొండు మీద పందెం రెట్టించి తొమ్మిది లాగాడు. ఇరవై.

"కొట్టాం బావా! నీదెంత?"

"పన్నెండు."

"ఆగిపో. ముట్టుకోకు."

"మూడు మీద పన్నెండుకి అడగాలి."

"ఈ ఒక్కసారికి ఆ అట్టని పొయ్యిలో పెట్టరా నాయనా!"

గడువు కరిగిపోతోంది. బల్ల కింద నార్బర్ట్ కాలు ఊగుతోంది. అడిగాడు. రాజు పడ్డాడు, అంటే పది. ఇరవై ఒకటి దాటింది, పోయింది. అమ్మాయి మూసిన ముక్క తిప్పింది. పది. మొత్తం పదమూడు. ఇంకో ముక్క తీసింది. ఎనిమిది. సరిగ్గా ఇరవై ఒకటి.

"నువ్వాగుంటే ఆ రాజు దానికి పడేవాడు! అది మునిగేది!"

"ముందేం తెలుసు బావా? ఇంకోసారి నేను తీసిన ముక్కే నిన్ను కాపాడొచ్చు."

"ముప్ఫై ఏళ్లు నీ పక్కన కూర్చున్నా. ఒక్కసారన్నా నాకోసం ఆగావా?"

ఫోన్ తెగింది.

నార్బర్ట్ ఫ్రిజ్ తెరిచాడు, మూశాడు. కిటికీ దాకా వెళ్లి ఎందుకొచ్చాడో మరిచాడు. ఫోన్ చేశాడు, ఎత్తలేదు. టీవీ పెట్టి గొంతు తగ్గించాడు, మోగితే వినబడాలని. మోగలేదు. బూట్లు వేసుకున్నాడు, ఎక్కడికీ పోలేదు.

పొద్దువాలాక లొరెటా ఫోన్ చేసింది.

"ఏం చేశావన్నయ్యా మా ఆయన్ని? సూప్ ముట్టలేదు. వాకిట్లో మంచు ఎత్తిందే ఎత్తుతున్నాడు."

"పన్నెండుకి ముక్క అడిగా."

"నీ పన్నెండు ఏట్లో కలవా! తప్పయిందను, పోద్ది."

"తప్పు కాదే."

"తప్పని ఎవరన్నారు? తప్పయిందనమంటున్నా."

"అన్నాక మళ్లీ పన్నెండొస్తే?"

"మళ్లీ అను."

ఆ మాట నోట్లో వేసుకుని నమిలి చూశాడు. తప్పయిందంటే ఇక ప్రతి పన్నెండుకీ ఆర్లో గొంతు విని ఆగాలి. తప్పని తెలిసీ ఆగడం అతని చేత కాదు. అనకపోతే ఆదివారమే లేదు. కూర్చోలేడు, నిలబడలేడు. బూట్లతోనే పక్క మీద వాలాడు.

మర్నాడు పొద్దున్నే బల్ల తెరిచాడు. సోమవారం, మనుషులే లేరు. చివరి కుర్చీ జోలికి పోకుండా మొదటి కుర్చీలో పేరు వేసుకుని ఆర్లోకు ఫోన్ చేశాడు. ఈసారి ఎత్తాడు.

"ఏంటి?"

"నేను మొదట్లో కూర్చున్నా. చివరిది ఖాళీ. నువ్వు కూర్చో."

అవతల స్పూను కప్పుకు తగిలింది.

"నాకు పన్నెండొస్తే?"

"నీ ఇష్టం. నోరెత్తను."

"ఎత్తకుండా ఉంటావా నువ్వు?"

నార్బర్ట్ తన పందెం పెట్టి, ఫోన్ చెవికి ఆనించుకుని కూర్చున్నాడు.