మంజుశ్రీ ఇచ్చిన బాప్తిస్మం

మంజుశ్రీకి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: ప్రార్థన అని పేరు పెట్టుకున్న తన పాప బాప్తిస్మం లేకుండా చనిపోతే, పరలోకంలో తనకు దొరకదని.

మొదటి బిడ్డ పదకొండో రోజున పోయాడు. పేరు కూడా పెట్టలేదు. ఇప్పుడు ప్రార్థనకు ఏడో నెల. మొగుడు ఓబులేశ్ రాజస్థాన్‌లో సోలారు పనికి వెళ్లి నాలుగు నెలలైంది. రాయచెర్లు ఊరి చివర రేకుల ఇంట్లో తల్లీబిడ్డలిద్దరే. వాకిట్లో నిలబడితే కంచె అవతల కనుచూపు మేరా సోలారు ప్యానెళ్లే. మనిషి జాడ ఉండదు.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు కృష్ణకుమార్‌ను అడిగింది.

"అయ్యా, పాపకు గూడా బాప్తిస్మం ఇయ్యండయ్యా."

"మన సంఘంలో పసిబిడ్డలకు ఇయ్యరమ్మా. నమ్మినానని పాపే పెద్దయి చెప్పల్ల. అమ్మ చెప్తే చెల్లదు."

"అంతలోపల ఏమన్నా అయితే?"

"నీళ్లు రక్షించవు తల్లీ. పసిబిడ్డలు దేవుని చేతిలోనే ఉంటారు."

ఆ మాట ఆమెకు ధైర్యం ఇవ్వలేదు, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సంఘంలో చేరినవాళ్లకిచ్చే విశ్వాస సూత్రాల కాగితం తీసింది. ఏడో తరగతిలో బడి మానేసిన మనిషి, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. నమ్మినవారికే బాప్తిస్మం అన్నచోట కళ్లు తిప్పుకుంది. ఆరో సూత్రం దగ్గర వేలు ఆగింది. విశ్వాసులందరూ యాజకులే.

అందరూ అంటే తానూ కదా! యాజకురాలైతే బాప్తిస్మం తానే ఇవ్వొచ్చు. నిరుడు బలసముద్రం ఊళ్లో గొర్రెల తొట్టిలో అందరి ముందూ మునిగి బాప్తిస్మం తీసుకుంది కూడా.

బుధవారం మధ్యాహ్నం పాపను వాకిట్లోని నీళ్ల డ్రమ్ము దగ్గరికి ఎత్తుకొచ్చింది. ముక్కు మూసి, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో అంటూ ఒక్క మునక ముంచి తీసింది. పాప కాసేపు ఊపిరే తీయలేదు. తర్వాత గుక్కపట్టి ఏడ్చింది.

కంచె వెంట గొర్రెలు తోలుకుపోతున్న వెంకటక్క ఆ ఏడుపు విని పరుగున వచ్చింది. ఆమెదీ అదే సంఘం.

"ఏందే, ఈ గాలిలో బిడ్డను ముంచినావు? మతి ఉండాదా?"

"బాప్తిస్మం ఇచ్చినా అక్కా."

"ఓహో, పాస్టరయ్యకు పని తప్పించినావే! రేపు పెండ్లిండ్లు గూడా నువ్వే చేస్తావా?"

"అందరూ యాజకులేనని కాగితంలో ఉండాది గదా."

"ఉండాదిలే. బిడ్డ బదులు తల్లి నమ్మొచ్చని ఉండాదా ఆడ? అయ్య నీకు చెప్పలేదా?"

"చెప్పినాడు. ఆయప్పకు బిడ్డ పోలేదు గదక్కా."

వెంకటక్క తన కొంగుతో పాప తల తుడిచి, గొర్రెల వెనక వెళ్లిపోయింది.

మరునాడు పాపకు జ్వరం. వై.ఎన్.హొసకోట ఆసుపత్రిలో సూది వేయిస్తే జ్వరం తగ్గింది, దగ్గు మిగిలింది. ఇది తనకు పడిన శిక్షే అనుకుంది మంజుశ్రీ. ఏ సంగతైనా ఆ సంఘంలో అందరూ చేతులెత్తి తీర్మానిస్తారు. సంఘం పుస్తకంలో తన పేరు కొట్టేయడానికి ఎవరెవరి చేతులు లేస్తాయో ఊహించుకుని రెండు ఆదివారాలు ఆరాధనకు వెళ్లలేదు. ఓబులేశ్ ఫోన్ చేస్తే, "బాగుండాము" అంది.

నిజానికి చేతులు లేచాయి. వెంకటక్క జరిగిన సంగతి చెప్పాక, ఆ తల్లీబిడ్డలను ఎవరైనా వెళ్లి చూసి రావాలా అని పాస్టరు అడిగితే, అందరివీ లేచాయి. వెళ్లింది మాత్రం వెంకటక్క ఒక్కతే. మంజుశ్రీ తలుపు తీయలేదు. దగ్గు బయటికి వినబడకుండా పాపను గుండెకు హత్తుకుని లోపలే కూర్చుంది.

మీరెప్పుడైనా రాయచెర్లు మీదుగా వెళ్తే, ఊరి చివర కంచె పక్కన ఆ రేకుల ఇంటి దగ్గర కాస్త ఆగండి. ఒకసారి పిలిచి ఊరుకోకండి. పాప దగ్గు తగ్గిందేమో చూడండి. తల్లి అన్నం తిందో లేదో కూడా అడగండి.