మంగతాయారు ఎక్కిన నిచ్చెన

నేను ఒక వెదురు నిచ్చెనను. ఆనుకోవడానికి ఏదో ఒకటి లేకపోతే నిలబడలేను. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. మనుషులైతే ఇలాంటివి దాచుకుంటారు.

ఏలేశ్వరం పక్కన మేదర సింహాచలం పెరట్లో పుట్టాను. మన్యం నుంచి లారీలో దిగిన వెదుళ్లలో రెండు బొంగులను ఏరి, వాటిని ఒక పూటంతా అటూ ఇటూ దొర్లించి చూశాడు. నిప్పు సెగ చూపించి వంకర తీశాడు. పన్నెండు చోట్ల తొలిచి పన్నెండు మెట్లు దూర్చి, ప్రతి మెట్టుకూ చీల దిగగొట్టాడు. పని అయ్యాక నన్ను రెండు రాళ్ల మీద పడుకోబెట్టి ఒక్కో మెట్టు మీదా ఒక్కో గెంతు గెంతాడు. వాకిట్లో బుట్ట అల్లుతున్న అతని భార్య, ఈ వయసులో ఈ గెంతులేమిటని అడిగింది.

"ఇరిగితే ఇక్కడే ఇరగాలే. ఆళ్లింటికెళ్లాక ఇరిగితే మాటొత్తాది" అన్నాడు సింహాచలం.

నేను విరగలేదు. తర్వాత నా మీద వచ్చిన నిందలు వినేటప్పుడు పాఠకులు ఈ గెంతులు గుర్తుంచుకోవాలి.

సంతలో నన్ను కొన్నది పట్టాభిగారు. కాకినాడలో ఒక కాలేజీ ఫిజిక్సు ల్యాబులో ముప్పైనాలుగేళ్లు అసిస్టెంటుగా చేసి రిటైరయ్యారు. ఆ ల్యాబులో పరికరాలు ఎన్నడూ పాడయ్యేవి కావట. వాటిని బీరువాలో పెట్టి తాళం వేసేవారు. రిటైరయ్యాక ఎకరమున్నర జీడిమామిడి తోట, అందులో ఒక పాత పెంకుటిల్లు కొని భార్య మంగతాయారుతో వచ్చి స్థిరపడ్డారు. ఇక మీదట ఇంటి పని ఏదైనా తన చేతులతోనే చేసుకోవాలని ఆయన నిర్ణయం. మంగతాయారు నిర్ణయం ఏమిటో ఎవరూ అడగలేదు.

నన్ను మోపెడ్‌కు అడ్డంగా కట్టబోయి, సంతలో ముగ్గురు వద్దన్నాక నిలువుగా కట్టారు. దారిలో ఒక టీ కొట్టు బోర్డు, ఎవరిదో ఆరేసిన పంచె మాతో కొంతదూరం వచ్చాయి.

నేను వచ్చేసరికే ఆ ఇంట్లో కొన్ని పనులు పూర్తయి ఉన్నాయి. పట్టాభిగారు బిగించిన గేటు తెరుచుకునేది, మూసుకునేది. కాకపోతే రెండూ ఒకే రోజు జరిగేవి కావు. పెరట్లో కుళాయిని ఎడమకు తిప్పితే రాదు, కుడికి తిప్పితే ఆగదు. కోళ్లకు గూడు కట్టారు. కోళ్లు ఒక పూట దాన్ని పరిశీలించి జీడిచెట్టెక్కాయి. మంగతాయారు గేటును తుంటితో ఒక పోటు పొడిచి తెరిచేది. కుళాయికి గుడ్డపేలిక చుట్టేది. కోళ్లకు చెట్టు కిందే నూకలు చల్లేది. ఏ పని గురించైనా ఆయన "బాగుంది కదూ" అని అడిగితే "అలాగేనండి" అనేది. ఆ మాటకు ఆ ఇంట్లో చాలా అర్థాలున్నాయని నాకు మెల్లగా తెలిసింది.

ఇంటి పైకప్పు మాత్రం నూకరాజు చేతిలో ఉండేది. ఆ చుట్టుపక్కల అందరూ డాబాలు వేసుకున్నాక పెంకులు నేసేవాడు అతనొక్కడే మిగిలాడు. నేను రావడానికి ముందటేడు వంటింటి మీద పెంకులు సర్దడానికి వచ్చినప్పుడు పట్టాభిగారు కింద నిలబడి వాలు గురించి, నీటి వేగం గురించి చెబుతూ, వేసిన వరసను మూడుసార్లు తీయించారు. మూడోసారి తీస్తుండగా "నీకు సైన్సు తెలీదు నూకరాజూ" అన్నారు.

నూకరాజు నెమ్మదిగా దిగాడు. తట్ట నెత్తిన పెట్టుకుని, "తెలీదండి. ఇంక మీ గుమ్మం తొక్కనండి. నూకాలమ్మ మీదొట్టు" అని వెళ్లిపోయాడు.

అందుకే నన్ను కొన్నారు.

నడిమింటి మీద కొన్ని పెంకులు పగిలాయి. వానాకాలం లోపల మార్చాలి. ఆ ఇంటివి మట్టి గోడలు, పైన సున్నపు పూత. గోడ తల మీద నీళ్లు దిగితే లోపలి మట్టి నాని గోడ కూర్చుండిపోతుంది. పట్టాభిగారికి ఇది తెలుసు. పని మొదలుపెట్టే ముందు నన్ను మెరుగుపరచాలనుకున్నారు. సామాన్లు పెట్టుకోవడానికీ, అలసిపోతే కూర్చోవడానికీ నా తొమ్మిదో మెట్టు మీద ఒక చెక్కను ఇనప తీగతో కట్టారు. ఆ చెక్క నా ఒంటిది కాదు. నాకు ఇష్టమూ లేదు. నన్నెవరూ అడగలేదు.

పగిలినవి నాలుగే. వాటిని తీయడానికి చుట్టూ ఉన్నవి తీశారు. చూరుకు కాస్త పైన మొత్తం ముప్పైరెండు పెంకులు ఊడదీసి కింద పేర్చారు. అవతలి చివర మిగిలిన ఒక్క పెంకు అందుకోవడానికి, చెక్క మీద కూర్చోవలసిన మనిషి చెక్క అంచు మీద నిలబడ్డారు. తీగ మెలిక విడిపోయింది. చెక్క తిరగబడింది. పట్టాభిగారు కింద కొబ్బరిమట్టల కుప్ప మీద పడ్డారు. కుప్ప ఆయన్ని చాలావరకు కాపాడింది. ఎడమ కాలు మాత్రం కుప్ప బయట పడింది.

మంగతాయారు దోసెల పెనం దించి పరుగెత్తుకొచ్చింది. ఆయన మొహం చూసి, తర్వాత కాలు చూసి, రోడ్డు మీదకెళ్లి ఆటో ఆపింది. తిరిగొచ్చి ఆటోలో ఎక్కించేదాకా ఆవిడ చెయ్యి ఆయన నుదుటి మీదే ఉంది.

సాయంత్రానికి పిండికట్టుతో తిరిగొచ్చారు. ఆరు వారాలు కదలకూడదన్నారు. చూడవచ్చిన వాళ్లందరికీ పట్టాభిగారు ఒకటే చెప్పారు: "నిచ్చెన విరిగిందండీ. వెదురులో దమ్ము లేదు." వాళ్లు గోడకు ఆనుకుని పన్నెండు మెట్లతో నిలబడి ఉన్న నన్ను చూసి, ఆయన్ని చూసి, కాఫీ తాగి వెళ్లిపోయారు.

"తాయారూ, దాన్ని నరికి పొయ్యిలో పెట్టెయ్. కనపడితే ఒళ్లు మండుతోంది" అన్నారు.

"అలాగేనండి" అంది మంగతాయారు. నన్ను తీసుకెళ్లి పశువుల పాక వెనకాల, ఆయన కుర్చీలోంచి కనపడని చోట పడుకోబెట్టింది. గొడ్డలి తెస్తుందేమోనని రెండు రోజులు ఎదురుచూశాను. తేలేదు.

పైకప్పు కన్నం మీద టార్పాలిన్ బరకం కప్పించారు. మూడో నాడు గాలికి అది ఎగిరి జీడితోటలో పడింది. అదే రోజు టీవీలో వాయుగుండం అన్నారు, రెండు రోజుల్లో తీరం దాటుతుందన్నారు. మంగతాయారు నూకరాజు ఇంటికి వెళ్లింది. తర్వాత జరిగినదాన్ని బట్టి చూస్తే, వస్తానని కాదు, రానని కాదు, మధ్యలో ఏదో చెప్పి ఉండాలి.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ పాక వెనక్కి వచ్చింది. పటకారతో ఇనప తీగ తెంపి, ఆ చెక్కను నా ఒంటి మీంచి తీసేసింది. నన్ను మోసుకెళ్లి చూరుకు ఆనించింది. చీర కుచ్చెళ్లు వెనక్కి దోపి కాసె పోసుకుంది. వాకిట్లో కుర్చీలో ఉన్న పట్టాభిగారికి నేనూ, నన్ను పట్టుకున్న మంగతాయారూ ఒకేసారి కనపడ్డాం. ఆయన ముందు నన్ను చూసి నోరు తెరిచారు. తర్వాత కాసె చూసి మూశారు.

"నువ్వు ఎక్కడమేంటి తాయారూ? యాభైఎనిమిదేళ్లు."

"మీకు అరవైమూడు. మీరెక్కలేదా?"

"నేనెక్కి ఏమయ్యానో చూశావుగా."

"చూశాను. అందుకే చెక్క తీసేశాను" అంది.

పట్టాభిగారు జీడిచెట్టు వైపు చూశారు.

ఆవిడ మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. అరికాలు చల్లగా ఉంది. నాలుగో మెట్టు మీద ఆగిపోయింది. రెండు చేతులతో నా బొంగులను ఎంత గట్టిగా పట్టుకుందంటే, నన్ను నమ్మి కాక, నేనే పారిపోతానేమోనని పట్టుకున్నట్టుంది. ఆ పట్టు నాకు తెలుస్తోంది. కింద ఉన్నాయనకు తెలియలేదు. ఆవిడ ఊపిరి పీల్చి, వదిలి, ఐదో మెట్టు ఎక్కింది. ఆ తర్వాత ఆగలేదు.

అప్పుడు కంచె అవతల రోడ్డు మీద నూకరాజు కనిపించాడు. తువ్వాలు తలకు చుట్టుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మగారూ, పెంకు మజ్జిలో కాలెట్టకండి. కింద కర్ర ఉన్న చోట ఎట్టండి" అన్నాడు.

పట్టాభిగారు అటు తిరగలేదు. "పై వరస నుంచి మొదలుపెట్టు తాయారూ. పైది వేసుకుంటూ కిందకు రా" అన్నారు.

"కింద వరస నుంచి ఎత్తుకోండి అమ్మగారూ. వాన పైనుంచి కదండీ పడేది" అన్నాడు నూకరాజు, రోడ్డు మీద పోతున్న మేకతో చెబుతున్నట్టు.

ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. ఒకరు చెప్పింది ఇంకొకరికి వినపడనట్టే చెబుతున్నారు. సముద్రం వైపు ఆకాశం నల్లబడింది. మంగతాయారు చూరు మీద మోకాళ్లు ఆనించి, ఒక చేత్తో వాసం పట్టుకుని అటూ ఇటూ చూసింది.

"ఎవరో ఒకరే చెప్పండి" అంది. గొంతు పెంచలేదు. "నాకు రెండు చేతులే ఉన్నాయి. ఇద్దరి మాటా నేనెక్కడ పెట్టుకోను?"

పట్టాభిగారు తన పిండికట్టు వైపు చూసుకున్నారు. దాని మీద ఏదో రాసి ఉన్నట్టు చాలాసేపు చూశారు.

"అతన్నే చెప్పమను" అన్నారు.

నేను ఆ ఇంట్లో చాలా బరువులు మోశాను. ఆ మాట బయటికి రావడానికి ఆయన మోసిన బరువు నాకు తెలుసు.

ఆ తర్వాత పని సాగింది. నూకరాజు చెప్పాడు: కింద పెంకు తల మీదకు పై పెంకు అంచు వచ్చేలా పెట్టాలి, చివరి వరసలో మాత్రం పాత పెంకు కాస్త ఎత్తి దాని కిందకు దూర్చాలి. టక్కుమని కూర్చుంటే సరిగ్గా పడినట్టు, కూర్చోకపోతే మళ్లీ తీయాలి. మంగతాయారు తాడుతో బకెట్టు దించింది. పట్టాభిగారు కుర్చీని గోడ దగ్గరకు జరుపుకుని ఊడదీసినవాటిలోంచీ, మార్చడానికి తెచ్చి ఉంచిన కొత్తవాటిలోంచీ బకెట్లో రెండేసి పెంకులు పెట్టారు. ఏ పెంకుకు బీట ఉందో వేలితో కొట్టి, చప్పుడు విని ఏరారు. బీట ఉన్నది ఒక్కటీ పైకి వెళ్లలేదు. ఆ పని ఆయనకు బాగా వచ్చు. ఇన్నాళ్లూ ఆయన చేత ఎవరూ ఆ పని చేయించలేదు.

ఇరవైఎనిమిదో పెంకు దగ్గర గాలి లేచింది. ముప్పై దగ్గర మొదటి చినుకులు పడ్డాయి. ముప్పైరెండోది కూర్చున్న చప్పుడు గాలిలో ఎవరికీ వినపడలేదు, నాకు తప్ప. ఆవిడ దిగడానికి నా పై మెట్టు మీద కాలు పెట్టింది. అప్పుడే ఒక విసురు వచ్చి నా ఎడమ కాలు తడి మట్టిలో జారింది. నేను పక్కకు ఒరిగాను. ఆవిడ చూరు పట్టుకుని వేలాడింది.

సింహాచలం నాకిచ్చిన బలమంతా వాడాను. నేల జారుతుంటే నా బలంతో పనేముంది?

పట్టాభిగారు కుర్చీలోంచి లేచారు. ఒంటికాలి మీద రెండు గెంతులు వేసి నా మీద పడి, కావిలించుకుని, మొత్తం బరువుతో నన్ను గోడకు అదిమారు. అటువైపు నుంచి ఎవరో ధబ్బున దూకిన చప్పుడైంది. నూకరాజు కంచె దూకి వచ్చి రెండో బొంగు పట్టుకున్నాడు. ఇద్దరూ కళ్లు మూసుకుని, పళ్లు బిగించి పట్టుకున్నారు. మంగతాయారు మెట్టు మెట్టూ దిగుతూ వచ్చి, నాలుగో మెట్టు మీద ఆగింది.

"ఇద్దరూ ఇలా వాటేసుకుంటే నేను దిగేదెక్కడండీ?" అంది.

వాన దంచి కొట్టింది. ముగ్గురూ అరుగు మీద కూర్చున్నారు. నన్ను కూడా చూరు కిందకు లాగారు. లోపల చుక్క కూడా కారలేదు. మంగతాయారు రెండుసార్లు లోపలికెళ్లి గోడ తడిమి వచ్చింది. రెండోసారి వచ్చినప్పుడు ఆవిడ కళ్లు తడిగా ఉన్నాయి. వాన జల్లు అనుకోవడానికి వీలుగా, జల్లు పడే చోటే కూర్చుంది.

టీ తాగుతుంటే నూకరాజుకు ఒట్టు గుర్తొచ్చింది. గ్లాసు దించి ఆలోచించాడు.

"కంచె దూకొచ్చానండి. గుమ్మం తొక్కలేదు" అన్నాడు చివరికి.

"తొక్కలేదు" అన్నారు పట్టాభిగారు.

నూకరాజు తృప్తిగా గ్లాసు ఎత్తుకుని, రెండో చేత్తో నా బొంగుల వెంట తడుముకుంటూ పోయాడు. "ఇదెక్కడ ఇరిగిందండి? ఎక్కడా ఆనవాలే లేదు."

మంగతాయారు టీ గిన్నె వైపు చూస్తూ ఉండిపోయింది. పట్టాభిగారు వాన చూశారు.

"విరగలేదు. నేను కట్టిన చెక్క తిరగబడింది. నిచ్చెనకేం, బాగానే ఉంది" అన్నారు.

మంగతాయారు ఆయన గ్లాసులో ఇంకో అర గ్లాసు టీ పోసింది.

ఆ తర్వాత ఐదేళ్లు మేం తీరిక లేకుండా గడిపాం. వంటిల్లు, పాక, పక్కతోట వాళ్ల కొట్టు. నూకరాజుకు మోకాళ్లు నొప్పులొచ్చాక అతను కిందే ఉండి చెబితే ఆవిడ పైన వేసేది. కూలి ఇస్తే తీసుకునేది. పట్టాభిగారు కొంచెం కుంటుతూ నన్ను పట్టుకోవడానికి వచ్చేవారు. ఆ పని చాలా శాస్త్రీయంగా చేసేవారు. గోడకూ నా అడుగుకూ మధ్య ఎంత దూరం ఉండాలో అంగలేసి కొలిచేవారు. ఎవరూ కాదనలేదు. అది నిజంగానే సరైన కొలత.

పోయిన వేసవిలో నా కుడి బొంగు పుచ్చిపోయింది. తట్టితే పసుప్పచ్చని పొడి రాలింది. మంగతాయారు ప్రతి మెట్టునూ చేత్తో నొక్కి చూసి తల అడ్డంగా ఊపింది. పట్టాభిగారు ఇనప తీగ, ఒక చెక్క పట్టుకుని వచ్చారు.

"వద్దండి. అది చెయ్యాల్సింది చేసింది. దాన్నలా ఉండనివ్వండి" అంది.

ఆయన తీగ చుట్టచుట్టి లోపల పెట్టేశారు.

ఇప్పుడు పెరట్లో నాలుగు గుంజల మీద నన్ను వెల్లకిలా పడుకోబెట్టి బీరపాదు ఎక్కించారు. నా జన్మలో ఇంత తీరిగ్గా ఆకాశం వైపు తిరిగి పడుకోవడం ఇదే మొదలు. తీగ ఇప్పటికి ఏడో మెట్టు దాకా వచ్చింది. పైకెక్కినవాళ్లలో ఇంత నిదానమైనదాన్ని నేను చూడలేదు. ఎక్కడ ఆగినా, అక్కడి నుంచి కిందివాళ్లకు ఏమీ చెప్పదు. ఆగినచోటే ఒక పువ్వు పూస్తుంది.