గుక్కెడు నీళ్ళ పరీక్ష

"ఆ కిటికీ అద్దం ఊడి పిల్ల నెత్తిన పడిందంటే పూచీ ఎవరిదండీ?" అంది తల్లి, తరగతి గడప దాటకముందే.

అద్దం నిక్షేపంలా ఉంది. లెక్కల టీచరమ్మ ఒకసారి దానికేసి, ఒకసారి ఈమెకేసి చూసి, "దాని కింద నేనే కూర్చుంటాలెండి. రండి" అంది.

యుద్ధంలో ఇల్లు నేలమట్టమయ్యాక తల్లీకూతుళ్ళు ఈ ఊరు చేరారు. తొమ్మిదేళ్ళ పిల్ల ఆనాటి నుంచీ పెదవి విప్పలేదు. ఐదు నెలలైంది. గొంతులో ఏ లోపమూ లేదన్నాడు డాక్టరు. ఏ లోపమూ కనబడలేదంటే ఇంకెంత పెద్ద లోపమోనని తల్లికి వారం రోజులు కంటి మీద కునుకు లేదు.

యుద్ధం చూసిన పిల్లలతో ఎలా మెలగాలో ఈ బడి టీచర్లకు పది రోజులు నేర్పారు. తల్లులతో ఎలా మెలగాలో మాత్రం ఎవరూ నేర్పలేదు.

"ఏం తల్లీ, పొద్దున ఏం తిన్నావు?" అని పిల్లనడిగింది టీచరమ్మ.

"రొట్టె. అదీ సగం వదిలేసింది," అంది తల్లి.

"లెక్కలంటే ఇష్టమేనా?"

"భాగహారం దగ్గర తడబడుతుందండీ."

"నీ పక్కన ఎవర్ని కూర్చోబెట్టను?"

"దగ్గు లేనివాళ్ళను."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. టీచరమ్మ కలానికి మూత పెట్టింది.

"అమ్మా, మా బడిలో తల్లులకు కూడా ప్రవేశ పరీక్ష ఉంది." నీళ్ళ గ్లాసు ముందుకు జరిపింది. "ఒక గుక్క నోట్లో పోసుకోండి. నేను చెప్పేదాకా మింగకూడదు, ఉమ్మకూడదు."

"పొలమారితే?"

"వీపు చరుస్తాను."

"ఊపిరాడకపోతే?"

"ముక్కు ఉందిగా!"

తప్పితే పిల్లను చేర్చుకోరేమోనని తల్లి పెద్ద గుక్కే పట్టింది. బుగ్గలు బూరల్లా ఉబ్బాయి.

టీచరమ్మ పిల్లవైపు తిరిగింది. "మీ అమ్మకు దేనికి భయం?"

తల్లి కళ్ళు ఇంతింతయ్యాయి. జవాబు నోటి నిండా ఉంది గానీ నీళ్ళు అడ్డం.

"బాంబులు!" "బల్లులు!" "మీరే, టీచర్!" అని బెంచీల్లోంచి కేకలు. టీచరమ్మ వేలు చూపించేసరికి సద్దుమణిగాయి. ఆమె నింపాదిగా నోటుపుస్తకాలు దిద్దుకోవడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, ఏడు...

తల్లి బల్ల గీరింది. కాలు ఊపింది. చేసేదేమీ లేక కూతురి ముఖం చూస్తూ కూర్చుంది. ఈ ఐదు నెలల్లో ఆ ముఖాన్ని ఇంతసేపు చూసిందే లేదు, పిల్ల తరఫున మాట్లాడడానికే పొద్దు చాలలేదు.

పిల్ల తన అమ్మ ఎడమ బుగ్గ చూసింది. కుడి బుగ్గ చూసింది. పన్నెండో పుస్తకం మూసేసరికి దాని ముక్కుపుటాలు అదిరాయి. చాన్నాళ్ళుగా తీయని తలుపు గొళ్ళెంలా గొంతు కిర్రుమంది.

"అన్నీ చెప్పాలా, టీచర్?"