రోడ్డు మీద లేని గేదె

సాదిక్ ఆటో కొన్న కొన్నాళ్లకే మలుపుల్లో హ్యాండిల్ బిగుసుకుపోవడం మొదలైంది. ఆదిలాబాద్ షోరూంలో మేనేజర్ లింగమూర్తి నవ్వేశాడు. "కొత్త బండి గద భాయ్, జర టైట్ ఉంటది. తిరిగితే అదే సాఫయితది" అన్నాడు. మళ్లీ పోతే, వారంటీ కింద రాసుకోకుండా గ్రీజు పూయించి పంపాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటినాక బోడి మల్లయ్య. అమ్మకం అయ్యాక కొన్నవాడితో ఏం పని?

భార్య కైనాత్‌ను ఇచ్చోడలోని పుట్టింటికి తీసుకుపోతున్న రోజు మలుపులో హ్యాండిల్ అసలే తిరగలేదు. ఆటో బోల్తా పడింది.

ఆమె ఆసుపత్రిలో ఉండగా లింగమూర్తి వచ్చాడు. "బండి తప్పంటే కంపెనీ తనిఖీలంటది, ఇన్సూరెన్స్ ఆగుతది. గేదె అడ్డమొచ్చిందని పోలీసులకు రాయించు. అందరు గట్లనే రాయిస్తరు." నిజమే, ఆ రోడ్డు మీద ప్రమాదాలన్నీ గేదెల నెత్తినే పడతాయి. వాటికి నోరు లేదు కదా! మతి పోయి ఉన్న సాదిక్ అలాగే రాయించాడు. ఆ వారంలోనే కైనాత్ పోయింది.

అత్త సుల్తాన్ బీ, మనవరాలు యుమ్నాను తన దగ్గరే ఉంచేసుకుంది. "గేదెను బతికిచ్చి నా బిడ్డను సంపినవ్. నీ బండ్ల గీ పిల్ల ఎక్కది" అంది. ప్రతి శుక్రవారం పోయి, గడప బయట నిలబడి కూతురిని చూసి రావడమే ఆ తండ్రికి మిగిలింది.

వానలు వెలిశాక షోరూం నుంచి ఫోన్. ఆ రకం ఆటోలన్నిటికీ హ్యాండిల్ బేరింగు ఉచితంగా మారుస్తున్నారట. బాగు చేయించుకున్న తన ఆటోతో పోయి చూస్తే వాకిట్లో వరసగా అవే ఆటోలు.

"గిది ఎప్పటిసంది ఎరుక మీకు?" అని మెకానిక్‌ను అడిగాడు.

"నువ్వు కొనక ముందటిసందే కంప్లయింట్లున్నయన్నా" అన్నాడతను తల వంచుకుని.

సాదిక్ ఒళ్లు మండిపోయింది. లింగమూర్తిని నిలదీశాడు.

"గేదె అని రాయించింది నువ్వే గద భాయ్? సంతకం నీదే. గిప్పుడు కంపెనీ ఏం జేస్తది?"

చెప్పి చేయించిన నోరే అది. కొట్టాలనిపించింది. కానీ కొడితే కైనాత్ వస్తుందా? కనీసం అత్తకు నిజం తెలిస్తే యుమ్నాను ఇంటికి పంపుతుందని ఆశ పుట్టింది. బేరింగు మారగానే నేరుగా ఇచ్చోడ పోయాడు.

"అమ్మీ, గేదె లేదు, ఏం లేదు. అబద్ధం చెప్పిన. హ్యాండిల్ బిగుసుకపోయింది. కంపెనీకి ముందుగాల్నే ఎరుకంట!"

సుల్తాన్ బీ ముఖంలో కోపం సడలింది.

"మరి నీకు బేటా?" అని మెల్లగా అడిగింది. "నీకు గూడ ఎరుకేనా?"

"షోరూంకు రెండుసార్లు తీస్కపోయిన అమ్మీ. అదే సాఫయితదన్నరు."

"ఎరుకుండే ఎక్కిచ్చినవా నా బిడ్డను?"

లోపలి నుంచి "అబ్బా!" అని తండ్రిని పిలుస్తూ యుమ్నా పరుగెత్తుకొస్తోంది. సుల్తాన్ బీ వెనక్కి తిరిగి పిల్లను ఎత్తుకుని తలుపు వేసుకుంది.