గాదె మీద అరచెయ్యి

"ఈ మూటల్ని ఈడ పెట్టమని ఎవురు సెప్పినారు?" అంటూ సరోజమ్మ వంటింటి గడప మీదే కూలబడింది. రాగుల మూటకు తగిలి ఆమె కాలి బొటనవేలి గోరు లేచిపోయింది.

"నేనా పెట్టింది? నీ కొడుకునడుగు అత్తా," అంది కోడలు యమున, పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పకుండా.

"ఆఁ, కొడుకు మీదికి తోసెయ్. వంటిల్లు నీదా, వానిదా?"

"నడిచే దోవ లేకుండా చేసినోళ్ళని వదిలిపెట్టి నన్నడుగుతావే! కాలిట్లియ్యి, పసుపు పెడతా."

"నీ పసుపూ వద్దు, నువ్వూ వద్దు," అంటూనే సరోజమ్మ కాలు చాపింది.

వాకిట్లో మోటార్ సైకిల్‌కు పాల క్యాన్లు కట్టుకుంటున్న ఆ కొడుకు మురళీధర్ అక్కణ్ణుంచే అరిచాడు. "రెండు దినాలు ఓర్చుకోలేరా? మూటలే గదా, పాములు కాదు గదా!" అని పుంగనూరు దోవ పట్టాడు.

రెండు దినాలన్న మాట యమునకు ముల్లులా దిగింది. ఏటా రాగులు కళ్ళం నుంచి నేరుగా కొండ కింద ఉన్న రాతి గాదెలోకి పోతాయి. ఈ ఏడు మాత్రం, కప్పు బండ కదిలింది, మేస్త్రీ చేత సర్దిస్తానని చెప్పి మురళీధర్ మూటలన్నీ ఇంట్లో దింపించాడు. ఇన్నాళ్ళూ రాని మేస్త్రీ రెండు రోజుల్లో ఎట్లా వస్తాడు? ఆ కదిలిన బండేదో తానే చూద్దామని పొయ్యి ఆర్పి బయల్దేరింది.

సోమల అవతల కొండ వాలులో ఆ ఊరు. వానలు అక్కడికి దారి మరిచిపోయి చాలా ఏళ్ళయింది. కొండను ఆనుకుని వరసగా గాదెలు, ఒక్కో ఇంటికి ఒక్కోటి. నిలువు బండల గోడలు, పైన పరుపు బండలు, వాకిలికి అడ్డంగా ఇంకో బండ. ఎలుక దూరదు, చెమ్మ చేరదు. మొన్నటి కరువులో ఆ గాదెలోని పాత రాగులే వాళ్ళ ప్రాణాలు నిలిపాయి.

గాదె నింపాక వాకిలి బండ సందుల్లో బూడిద కలిపిన మట్టి మెత్తి, ఆ ఇంటి ఇల్లాలు పచ్చి మట్టి మీద కుడి అరచెయ్యి అద్దుతుంది. మళ్ళీ ఆ చేతితో తప్ప దాన్ని ఎవరూ పగలగొట్టరు. కట్టుకున్నవాడైనా సరే. కొత్తకోడలిగా వచ్చిన ఏడు సరోజమ్మే యమున మణికట్టు పట్టుకుని మట్టిలోకి అదిమింది. మదనపల్లెలో బి.ఏ. చదివి వచ్చిన యమునకు అప్పుడు నవ్వొచ్చింది. ఇప్పుడు నవ్వు రావడం లేదు. పొలం పాసుపుస్తకంలో మురళీధర్ పేరు. ఇంటి పన్ను రసీదు మీద అతని పేరు. ఊరంతా ఇది యమునది అని ఒప్పుకునేది ఆ ఒక్క చేతి గుర్తునే.

గాదె దగ్గరికి వెళ్ళి చూస్తే ఏ బండా కదల్లేదు. కానీ ప్రతి బండ మీదా ఎర్ర రంగుతో అంకెలు రాసి ఉన్నాయి.

పక్క గాదె మేరమ్మది. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని అక్కడే నిలబడి ఉంది.

"ఇప్పుడొస్తివా తల్లీ! మీ ఆయనే దగ్గరుండి రాయించినాడు. కుప్పం నుంచి రాళ్ళ మేస్త్రీ వచ్చినాడు. మీ గాదెను ఇప్పుకోని పొయ్యి, బెంగుళూరు దోవలో ఏదో హోటల్లో మళ్ళా నిలబెడతారంట. జనాలు లోపల కూసోని సంగటి తింటారంట."

"కొనుక్కోని పోతారా?"

"ఊరికే ఇస్తాడా మరి మీ ఆయన? మా ఆయన అడిగితే, గాదె మీద చెయ్యి లేదు గదా, ఖాళీది, నా ఇష్టం అన్నాడంట. మీది ఇప్పితే నాది నిలస్తాదా? మన రెండిటికీ నడిమి గోడొకటే!"

యమున ఒళ్ళు భగ్గుమంది. మూటలు ఇంట్లో ఎందుకు దిగాయో అప్పుడర్థమైంది. గింజ పడితే తన చెయ్యి పడుతుంది. చెయ్యి పడితే ఈ చుట్టుపక్కల ఏ కూలివాడూ గడ్డపార ఎత్తడు. అందుకే బండ కదిలిందని అబద్ధం. అమ్ముతానని ముఖం మీద చెప్పి ఉంటే పోట్లాడేది. ఆ పోట్లాటకు కూడా తాను పనికిరాలేదు.

"మేరక్కా, నెత్తికి చుట్టకుదురు పెట్టుకో. మూటలు మోద్దాం," అంది.

ఇద్దరూ మోస్తుంటే సరోజమ్మ కుంటుకుంటూ వచ్చి సంగతి అడిగింది. విని, పెరట్లోకి పోయి, పొయ్యి బూడిద జల్లెడ పట్టి, తట్టలో పోసి కోడలి ముందు పెట్టింది.

సాయంత్రం మురళీధర్ వచ్చేసరికి వంటింటి గడప ఖాళీగా ఉంది.

"మూటలేవే?"

"కాళ్ళు కడుక్కోని రా. సంగటి చల్లారిపోతాది."

తల్లీ కొడుకూ ఎదురెదురుగా కూర్చున్నారు. యమున సంగటి ముద్దలు వేసి, ఊరిబిండి పచ్చడి వడ్డించింది. ఆమె కుడిచేతి గోళ్ళలో మట్టి ఇంకా పోలేదు. అతను చూశాడు. ముద్ద తుంచుతున్న చెయ్యి ఆగింది.

"పొద్దన్నే లారీ వస్తాండాది. మాటిచ్చినా నేను. రాళ్ళే గదే! పుంగనూరులో గోడౌన్లుండంగా ఇంకా ఆ రాళ్ళల్లో దాసుకునేదేంది?"

"కరువులో ఏ గోడౌనోడు పెట్టినాడు నీకు సంగటి? గాదె కింద పందికొక్కైనా గింజలే తింటాదప్పా. నువ్వు గాదెనే తినబోతివే!"

"అమ్మా, సూడు దీని నోరు!"

సరోజమ్మ తలెత్తలేదు. "బిండి ఇంకొంచెం ఎయ్యమ్మా," అంది యమునతో.

యమున వేసి, గరిటె కింద పెట్టి, మొగుడి ఎదురుగా కూర్చుంది.

"తినేదానికి ఒక మూట ఇంట్లో ఉంచినా. అది అయిపోయినాక గాదె తీస్తా. తీసిన దినమే మళ్ళా మూస్తా. లోపల నిండా ఉన్నా, ఒక్క గింజ లేకపోయినా, ఇంక ఆ గాదె నా చెయ్యి లేకుండా ఒక్క పూట ఉండదు. పొద్దన్నే పొయ్యి ఆ మేస్త్రీకి నీ నోటితో నువ్వే సెప్పు. తిను."