జవాబు రాని కేక

పారిపోయినవాడి బండారం ఇవాళ తెరమీద బయటపడుతుందని ఇసిద్రో గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ బయలుదేరాడు. మాల్వినాస్ దీవుల కోసం ఇంగ్లీషువాళ్ళతో జరిగిన యుద్ధం మీద, జరిగింది జరిగినట్టు తీశారట ఆ సినిమా. తీసినవాళ్ళు రెండేళ్ళ కిందట కొర్రియెంతెస్ రాష్ట్రమంతా తిరిగి, యుద్ధానికి వెళ్ళొచ్చిన ప్రతివాడి గుమ్మమూ తొక్కారు. ఇసిద్రో వాళ్ళకి ఒక్కటే చెప్పాడు. "కాలికి తూటా తగిలి పడున్న నన్ను కొండమీద వదిలేసి ఆ సిరీలోగాడు పారిపోయాడు. రాసుకోండి."

నలభై ఏళ్ళుగా ఊరంతటికీ చెబుతున్నదీ అదే. చిన్నప్పుడు ఒకే గుర్రం మీద తిరిగిన ఇద్దరూ ఇప్పుడు ఎదురుపడితే చెరో పక్కకి మొహం తిప్పుకుంటారు. యుద్ధం నుంచి వచ్చాక సిరీలో ఏ పెళ్ళిలోనూ సపుకాయ్ కేక వెయ్యలేదు. సిగ్గుండి నోరు మూసుకున్నాడంటాడు ఇసిద్రో.

"ఇంక పోనీలే అనుకోకూడదటయ్యా? ఇద్దరికీ అరవై దాటాయి," అంది భార్య నేలిదా, తెరెరే ఆకు నానబెట్టుకు తాగడానికి చల్లటి నీళ్ళ ఫ్లాస్కూ గ్లాసూ సంచిలో పెడుతూ.

"నువ్వూరుకోవే. ఇవాళ చూస్తావుగా వాడి సంగతి!"

క్లబ్బు హాల్లో కిటికీలకి దుప్పట్లు కట్టి చీకటి చేశారు. మధ్యాహ్నపు ఎండకి లోపల ఉడికిపోతోంది. సిరీలో చివరి వరసలో, తలుపు పక్కనే కూర్చున్నాడు.

"చూడవే, పారిపోవడానికి వీలుగా కూర్చున్నాడు," అన్నాడు ఇసిద్రో అందరికీ వినపడేలా.

మొదట్లో అంతా నవ్వులే. కొర్రియెంతెస్ కుర్రాళ్ళుగా వేసినవాళ్ళు బ్యూనస్ ఐరెస్ నటులు. వాళ్ళు సపుకాయ్ వేస్తుంటే, "అది కేకా, తోక తొక్కించుకున్న పిల్లి అరుపా?" అన్నారెవరో. మరి సపుకాయ్ అంటే ఇక్కడ ఆషామాషీ కాదు. సంతోషమైనా దుఃఖమైనా గుండెలోంచి తన్నుకొచ్చే కేక అది. ఎవరి కేక వాళ్ళదే. విన్నవాడు తిరిగి కేక వెయ్యాలి. వెయ్యలేదా, అంతకు మించిన అవమానం లేదు.

తరవాత కొండ వచ్చింది. అప్పుడే తెల్లవారుతోంది. ఇసిద్రోగా వేసినవాడు బండ చాటున పడి ఉన్నాడు. సిరీలోగా వేసిన కుర్రాడు "మోసేవాళ్ళని తెస్తాను, కదలకు," అని పరిగెత్తాడు.

"అదిగో, పారిపోయాడు!" ఇసిద్రో నేలిదాని మోచేత్తో పొడిచాడు.

కానీ సినిమా ఆ కుర్రాడి వెంటే వెళ్ళింది. ఇద్దరిని వెంటబెట్టుకుని తిరిగొచ్చేసరికి పొగమంచు కమ్మేసింది. ఏ బండ ఏదో తెలియదు. వచ్చిన ఇద్దరూ వెనక్కి పోయారు. వాడొక్కడే ఒక రాయెక్కి కేకలు మొదలుపెట్టాడు. అరిచి అరిచి గొంతు జీరపోయింది. కేక సగంలో పుటుక్కున తెగి, మళ్ళీ సన్నగా లేచింది.

ఇసిద్రో చేతిలోని గ్లాసు ఒళ్ళో ఒలికిపోయింది. అదే కేక! పొగమంచులో దాన్నే ఆనవాలుగా పట్టుకుని తను మోచేతులమీద పాక్కుంటూ వచ్చిన కేక. అది సగంలో అలా తెగిందని ఇన్నేళ్ళలో ఎవరికీ, నేలిదాకి కూడా, చెప్పలేదు. సినిమావాళ్ళకి అరిచినవాడే చెప్పి ఉండాలి. దారిలో వేరే దళం వాళ్ళు కనిపించి మోసుకుపోతే, అరిచింది ఎవడో పరాయివాడనుకున్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ విన్న గొంతుని పోల్చుకోలేకపోయాడు. శత్రువు వింటాడన్న భయంతో జవాబూ వెయ్యలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు ఇసిద్రో.

తెరమీద కుర్రాడు అరుస్తున్నాడు, ఆగి చెవి ఒగ్గుతున్నాడు. జవాబు లేదు. ఇప్పుడు హాల్లో ఎవరూ నవ్వడంలేదు.

ఇసిద్రో లేచి నిలబడ్డాడు.

"కూర్చోవయ్యా, తెర కనపడట్లేదు!" అన్నారు వెనకనుంచి.

అతను తల పైకెత్తి, ఉన్న ఊపిరంతా పెట్టి సపుకాయ్ వేశాడు. కిటికీ అద్దాలు అదిరాయి. తలుపు దగ్గర్నుంచి ఒక ముసలి కేక లేచింది. సగంలో తెగి, మళ్ళీ సన్నగా లేచింది.

ఇసిద్రో అందరి మోకాళ్ళకీ తగులుకుంటూ, కుంటుకుంటూ వెళ్ళి సిరీలో పక్కన కూలబడ్డాడు.

"చెప్పి చావచ్చు కదరా ఇన్నేళ్ళూ!"

"నా గొంతే పోల్చుకోనివాడికి ఏం చెప్పేదిరా?" సిరీలో కళ్ళు తుడుచుకున్నాడు. "జవాబివ్వడానికి నలభై ఏళ్ళా? నీకు కాలొక్కటే కుంటిదనుకున్నాను."

నేలిదా సంచి పట్టుకుని వచ్చింది. "ఒక్క గ్లాసే తెచ్చానే," అంది నొచ్చుకుంటూ.

"ఒకటి చాలు," అని ఇసిద్రో దాన్ని నింపి సిరీలో చేతికిచ్చాడు.